చెయ్యి అతుక్కుంటోంది, దుమ్ము మాత్రం రావడం లేదు: వాక్యూమ్ క్లీనర్‌లో గాలిని ఇంట్లోనే కొలుచుకోవడం

అమ్మా, మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను. ఒడిశా కొండల్లోని సునాబెడలో కొత్త ఇంటి గోడలకు పుట్టీ పెట్టించారు. ఉప్పుకాగితం రుద్దాక నేల మీద పేరుకున్న తెల్లపొడిని మీ దగ్గరున్న 1400 వాట్ల గుడ్డసంచి వాక్యూమ్ క్లీనర్‌తో లాగించారు. రెండు గదులు పూర్తయ్యేసరికి అది లాగడం మానేసింది. అయినా పైపు చివర అరచెయ్యి పెడితే గట్టిగా పట్టేస్తోంది, కూత కూడా పెరుగుతోంది. బాగుచేసే ఆయన చూసి మోటారు పోయింది, మార్చాలన్నారు. చెయ్యి అంత గట్టిగా పట్టుకుంటుంటే మోటారు ఎలా పోతుందని మీవారు అంటున్నారు. మార్చడం కన్నా 2000 వాట్లది కొత్తది కొనుక్కుంటే నయమా అన్నది మీ రెండో ప్రశ్న.

మీవారు చెప్పిందే నిజం. మోటారు విప్పనివ్వకండి, డబ్బు ఇవ్వకండి. మీ మెషీన్‌లో గాలి దారి మూసుకుపోయింది, అంతే. ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను. ఇదే పొరపాటుతో బాగున్న మోటార్లు మార్పించుకున్నవాళ్లు రాయగడలో నా బల్ల ముందు కూర్చుని బాధపడటం చాలాసార్లు చూశాను. మిక్సీలు, పంపులు, గ్రైండర్లు, వాక్యూమ్ క్లీనర్లు బాగుచేయడం మొదలుపెట్టి నాకు ఇరవై ఆరేళ్లయింది. ఈ మెషీన్ దగ్గర జరిగేంత గుడ్డి అంచనా ఇంకే సామాను దగ్గరా జరగదు. దానికి కారణం అరచెయ్యే. అందరూ చెయ్యి పెట్టి చూసి తీర్పు చెప్పేస్తారు. చెయ్యి చెప్పేది సగం సంగతే.

కొబ్బరిబొండంలో స్ట్రా వేసి తాగేటప్పుడు ఒక్కోసారి లేత కొబ్బరి ముక్క దానికి అడ్డుపడుతుంది. మీరు ఎంత గట్టిగా పీల్చినా బుగ్గలు లోపలికి పోతాయే గానీ నీళ్లు రావు. నోటిలో బలం తగ్గలేదు, దారి మూసుకుంది. ఇంకోసారి స్ట్రా పక్కన చీలి ఉంటుంది. అప్పుడు బుగ్గలు లోపలికే పోవు, గాలి సుయ్యిమంటూ వచ్చేస్తుంది, నీళ్లు కొంచెంగానే వస్తాయి. రెండు సందర్భాల్లోనూ మీకు దక్కే నీళ్లు తక్కువే, కానీ జబ్బు వేరు, మందు వేరు. వాక్యూమ్ క్లీనర్‌లో బుగ్గలు లోపలికి పోవడాన్ని సక్షన్ అంటాం. నీళ్లు రావడం లాంటిది ఎయిర్‌ఫ్లో, అంటే సెకనుకు ఎన్ని లీటర్ల గాలి పారుతోందన్నది. నేల మీది పొడిని లేపి మోసుకొచ్చేది పారే గాలి. సక్షన్ ఆ గాలిని అడ్డంకులు దాటించి లాక్కొచ్చే బలం.

పైపు చివర చెయ్యి పెట్టి పూర్తిగా మూసేస్తే లోపల గాలి కదలదు. గాలి కదలకపోతే మూసుకుపోయిన సంచి దాన్ని అడ్డుకునే పనే ఉండదు. అందుకని సంచి ఎంత బిగుసుకుపోయినా, కొన్ని క్షణాల్లో మోటారు సక్షన్ అంతా మీ అరచేతి దాకా వచ్చేస్తుంది. చెయ్యి తీసి గాలిని పారనిస్తేనే సంచి తన అడ్డు చూపిస్తుంది. కాబట్టి చెయ్యి గట్టిగా పట్టుకుంటోందంటే తేలేవి రెండే: మోటారు బాగుంది, ఎక్కడా పెద్ద లీకు లేదు. సంచి సంగతి, ఫిల్టరు సంగతి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

కూత గురించి కూడా చాలామందికి ఒక అపోహ ఉంది. పైపు మూస్తే కూత పెరుగుతుంది కాబట్టి మోటారు కష్టపడుతోందని అనుకుంటారు. జరిగేది తలకిందులు. లోపలి ఫ్యాన్‌కు తోయడానికి గాలి లేనప్పుడు దాని మీద బరువు తగ్గుతుంది. మిక్సీలో ఉండే రకం మోటారే ఇందులోనూ ఉంటుంది, బరువు తగ్గితే దాని వేగం పెరుగుతుంది. ఖాళీ జారుతో మిక్సీ తిప్పితే రొద ఎక్కువవడం మీకు తెలిసిందే. కానీ ఈ మోటారును చల్లబరిచేది కూడా ఆ పారే గాలే. అందుకే గాలి పారకుండా ఎక్కువసేపు తిప్పితే కాలిపోతుంది, లేదా వేడికి తెగే స్విచ్ పడి ఆగిపోతుంది. పైపు మూసి చేసే పరీక్ష ఏదైనా పది సెకన్లకు మించి చేయకండి.

ఇక కొలవడం. నేను వాడే సామాను మీ ఇంటి పని చేసిన తాపీమేస్త్రీ దగ్గరే ఉంటుంది. గోడల మట్టం చూడటానికి నీళ్లు నింపి పట్టుకునే పారదర్శకమైన లెవెల్ పైపు ఉంటుంది కదా, అది ఒక నాలుగు మీటర్లు కావాలి. దాని ఒక కొన బకెట్టులోని నీళ్లలో మునిగి ఉండాలి, రెండో కొన మేడమెట్ల మీదుగా పైకి వెళ్లాలి. పై కొన దగ్గర సక్షన్ పెడితే నీళ్లు పైపులో పైకి ఎక్కుతాయి. ఎంత ఎత్తు ఎక్కాయో టేపుతో కొలిస్తే అదే సక్షన్. నీళ్లలో చిటికెడు కుంకుమ గానీ నీలిమందు గానీ కలిపితే గీత స్పష్టంగా కనిపిస్తుంది. మంచి వాక్యూమ్ క్లీనర్ నీటిని దాదాపు 2 మీటర్ల ఎత్తుకు లాగుతుంది. పుస్తకాల్లో ఒత్తిడిని కొలిచే లెక్కలో అది 20 కిలోపాస్కల్స్‌కు కాస్త తక్కువ, ఒక కిలోపాస్కల్ అంటే 102 మిల్లీమీటర్ల నీళ్లు. నీళ్లు మెషీన్‌లోకి పోకుండా పై కొన బకెట్టులోని నీటిమట్టానికి 3 మీటర్ల పైన ఉండాలి. మధ్యలో ఒక ఖాళీ సీసా పెట్టి దాని మూతలోంచి రెండు పైపులూ పోయేలా చేస్తే ఇంకా మంచిది, పొరపాటున నీళ్లు ఎక్కినా ఆ సీసాలోనే ఆగుతాయి. బకెట్టు కింద, మెషీన్ పైన ఉండాలి. తడి చేతులతో ప్లగ్గు ముట్టకండి.

ఇదొక్కటే చేస్తే అరచేతి పరీక్షనే అంకెల్లో చేసినట్టవుతుంది. ఎయిర్‌ఫ్లో తెలియాలంటే గాలిని కొలత తెలిసిన బెజ్జంలోంచి రానిచ్చి, అప్పుడు నీళ్లు ఎంత ఎక్కాయో చూడాలి. లేబరేటరీల్లో చేసేది కూడా ఇదే, రకరకాల కొలతల బెజ్జాలున్న పళ్లాలు వరసగా పెట్టి చూస్తారు. ఇంట్లో అలాంటి పళ్లెం ఎక్కడిదని ఆలోచించనక్కర్లేదు. పాత సీడీ ఒకటి వెతకండి. ఏ దేశంలో తయారైన సీడీకైనా నడిమి బెజ్జం 15 మిల్లీమీటర్లే, అంచులు నున్నగా ఉంటాయి. ఇంతకన్నా కచ్చితమైన బెజ్జం మీకు ఏ లేత్ షాపులోనూ ఊరికే దొరకదు.

రెండంగుళాల పీవీసీ పైపు అరమీటరు ముక్క తీసుకోండి. ఒక కొనలో వాక్యూమ్ క్లీనర్ పైపు దూర్చి, సందు మిగలకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి టేపు వేయండి. రెండో కొనను ఆకురాయితో సమంగా రాచి, దాని అంచుకు సైకిల్ ట్యూబు రబ్బరును వాషరులా అంటించండి. సీడీ పెట్టేది ఆ వాషరు మీదే. మెషీన్ వేయగానే సీడీ దానంతటదే అతుక్కుంటుంది, పట్టుకోనక్కర్లేదు. సీడీ ఒకటైతే లోపలికి కాస్త వంగుతుంది, అందుకని రెండు అంటించి వాడండి. పీవీసీ పైపు నడుమ చిన్న బెజ్జం వేసి లెవెల్ పైపు కొనను అందులో బిగించి ఎం-సీల్ పెట్టండి. ఎం-సీల్ ఆరేదాకా ఆగండి, ఇక్కడ తొందరపడితే కొలతలన్నీ తప్పుతాయి. ఈ పైపు ముక్కకు బదులు పెయింటు డబ్బా గానీ ప్లాస్టిక్ బకెట్టు గానీ వాడకండి. ఇరవై లీటర్ల డబ్బా మూత మీద 20 కిలోపాస్కల్స్ లాగితే వందకిలోలకు పైబడిన బరువు పడ్డట్టే. మూత లోపలికి క్రుంగి పగులుతుంది. నా మొదటి డబ్బా అలాగే పగిలింది, ముక్క ఒకటి ఎగిరి నా పక్కన నిలబడ్డ కుర్రాడి చేతికి తగిలింది.

ఇప్పుడు రెండు కొలతలు తీయాలి. మొదటిది సీడీ బదులు రేకు ముక్కో అట్టముక్కో పెట్టి పూర్తిగా మూసి. రెండోది సీడీ పెట్టి, అంటే 15 మిల్లీమీటర్ల బెజ్జంలోంచి గాలిని రానిచ్చి. మొదటిదాన్ని మూత కొలత అనీ రెండోదాన్ని బెజ్జం కొలత అనీ పిలుద్దాం.

నా దగ్గరికి వచ్చిన ఇలాంటి 1400 వాట్ల మెషీన్‌కు కొత్త సంచి వేసి 230 వోల్టుల మీద చూస్తే మూత కొలత 2050 మిల్లీమీటర్లు, బెజ్జం కొలత 1300 వచ్చాయి. అదే మెషీన్‌కు ముగ్గుపిండి లాగిన పాత సంచి తిరిగి వేశాను. మూత కొలత 2040. అంటే ఏమీ తగ్గనట్టే, చెయ్యి పెడితే ఎవరూ తేడా పట్టలేరు. బెజ్జం కొలత మాత్రం 1300 నుంచి 470కి పడిపోయింది. ఆ సంచి తీసేసి మంచి సంచి వేసి, ఈసారి మెషీన్ మూత చుట్టూ ఉండే రబ్బరు ఒకచోట పక్కకు తప్పించి, కావాలనే లీకు పెట్టి చూశాను. మూత కొలత 1400, బెజ్జం కొలత 900. చేతికి లాగుడు బాగా తగ్గినట్టు అనిపిస్తుంది, కానీ దుమ్ము లాగడంలో మాత్రం ఇది ముందు చెప్పిన దానికన్నా ఎంతో మేలు. అరచెయ్యి మంచిదని చెప్పిన మెషీన్ పనికిరానిది, పాడైందని చెప్పినదే కొంతైనా పనిచేసేది.

ఆ కొలతల నుంచి గాలి ఎంతో కూడా తీయవచ్చు. బెజ్జం కొలతను మిల్లీమీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 0.43తో గుణిస్తే సెకనుకు ఎన్ని లీటర్ల గాలి వస్తోందో దాదాపుగా తెలుస్తుంది. 1300కి వర్గమూలం 36, గుణిస్తే పదిహేనున్నర లీటర్లు. 470 అయితే వర్గమూలం ఇరవై ఒకటిన్నర పైన, గాలి తొమ్మిది లీటర్ల చిల్లర. ఈ 0.43 ఎక్కడిదంటే, పదునైన అంచు ఉన్న బెజ్జంలోంచి గాలి వచ్చేటప్పుడు ధార సన్నబడి, బెజ్జం వైశాల్యంలో 60 శాతం మేరకే పారుతుంది. దాన్ని గాలి సాంద్రతతో కలిపి కట్టిన లెక్క అది. 0.43 సముద్రమట్టం దగ్గరి గాలికి. మీరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నారు, అక్కడ గాలి పలచన, కాబట్టి మీరు 0.45 వాడండి.

సక్షన్‌ను కిలోపాస్కల్స్‌లోకి మార్చి లీటర్లతో గుణిస్తే నిజంగా పనికొచ్చే బలం వాట్లలో వస్తుంది, దాన్నే ఎయిర్‌వాట్స్ అంటారు. 1300 మిల్లీమీటర్లంటే 12.75 కిలోపాస్కల్స్, దాన్ని పదిహేనున్నరతో గుణిస్తే 198. మూసుకుపోయిన సంచితో 4.6ను 9.3తో గుణిస్తే 43. గాలి పదిహేనున్నర నుంచి తొమ్మిదికి తగ్గితే, దుమ్ము లాగే బలం నాలుగోవంతు కన్నా కిందికి పోయింది. సంచి సగమే నిండింది కదా, ఇంకా చోటుంది కదా అనేవాళ్లకు నేను ఈ లెక్కే చూపిస్తాను. సంచి నిండటమంటే లోపల ఖాళీ అయిపోవడం కాదు, గుడ్డలోని సందులు నిండిపోవడం. వెంట్రుకలు, నూలుపోగులు, బియ్యపు గింజలు సంచి నిండా ఉన్నా గాలి పోతుంది. గుప్పెడు పుట్టీపొడి గుడ్డ లోపల పల్చగా పూత పూస్తే చాలు, గాలి ఆగిపోతుంది. ముగ్గుపిండి, సిమెంటు, పొయ్యిబూడిద, మీ కొండల మీది ఎర్రమట్టి ఎండి లేచే మెత్తటి దుమ్ము, అన్నీ ఇదే పని చేస్తాయి.

అసలు ఈ మెషీన్ పుట్టుకే గుడ్డతో ముడిపడి ఉంది. 1901 ప్రాంతంలో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కుర్చీ మెత్తలోంచి గాలి పీల్చి, రుమాలు మీద దుమ్ము నిలవడం చూసి తన యంత్రం కట్టాడు. అమెరికాలో జేమ్స్ స్పాంగ్లర్ 1908లో పేటెంట్ పొందిన చేతి మెషీన్‌కు మొదట దుమ్ముసంచిగా పెట్టింది దిండు గలీబు. గుడ్డ దుమ్మును ఆపాలి, గాలిని వదలాలి. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు పనులు. దుమ్ము పేరుకునేకొద్దీ మొదటి పని బాగా జరుగుతుంది, రెండోది చెడుతుంది. సైక్లోన్ రకం, అంటే దుమ్మును గాలిలో గిరగిరా తిప్పి పక్కకు పడేసే మెషీన్లలోనూ చివర ఒక ఫిల్టరు ఉంటుంది. మెత్తటి పొడి అక్కడికి చేరి తీరుతుంది.

మీ మెషీన్‌కు ఇప్పుడు చేయాల్సింది చెబుతాను, ఇందులో ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. సంచి ఉతకకండి. మామూలు దుమ్మయితే ఉతికి నీడలో పూర్తిగా ఆరబెట్టి వేసుకోమని నేనే చెబుతాను. కానీ గోడపుట్టీల్లో చాలావాటికి ఆధారం తెల్లసిమెంటు. నీళ్లు తగిలితే గుడ్డ సందుల్లోనే గట్టిపడిపోతుంది, ఇక దాన్ని తీయడం ఎవరివల్లా కాదు. ఇప్పటికే ఉతికేసి ఉంటే సంచిని వేళ్లతో మడిచి చూడండి. అప్పడంలా కటకటమంటే పారేసి కొత్తది వేయండి. ఉతక్కపోతే, ఇంటి బయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని సంచిని తిరగేసి కర్రతో మెల్లగా దులపండి. తర్వాత పంక్చరు షాపుకు తీసుకెళ్లి కంప్రెసర్ గాలి బయటి వైపు నుంచి లోపలి వైపుకు కొట్టించండి, అంటే దుమ్ము వచ్చిన దారికి ఎదురుగా. గొట్టాన్ని గుడ్డకు జానెడు దూరంలో పట్టుకోమనండి, దగ్గరగా పెడితే నేత విడిపోతుంది.

సంచి వెనక, మోటారుకు ముందు ఇంకో పలచని స్పాంజి గానీ గుడ్డ గానీ ఉంటుంది. అది తీసి చూడండి, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. గాలి బయటికి పోయే చోట మడతల కాగితం ఫిల్టరు ఉంటే దాన్ని బ్రష్షుతో రుద్దకండి, చిరుగులు పడి పనికిరాకుండా పోతుంది, మార్చేయడమే. చివరగా, మెషీన్ వేసి గాలి బయటికి వచ్చే బెజ్జాల ముందు తడిపిన నల్లగుడ్డ ఒక నిమిషం పట్టుకోండి. గుడ్డ మీద తెల్లచుక్కలు పడితే సంచి ఎక్కడో చిరిగి పుట్టీ మోటారు దాకా పోయిందన్నమాట. అప్పుడు మాత్రం మోటారు విప్పి శుభ్రం చేయించాలి, ఆ పొడి బేరింగులను, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులను తినేస్తుంది. గుడ్డ నల్లగానే ఉంటే మోటారు జోలికి పోనక్కర్లేదు.

మూత కొలత కూడా తగ్గి కనిపిస్తే ఏం చేయాలన్నది కొద్దిగా చెబుతాను, మీకిప్పుడు అవసరం పడకపోవచ్చు. మూత, బెజ్జం కొలతలు రెండూ ఒకే పాళ్లలో తగ్గితే అది లీకు కావచ్చు, మోటారు నీరసం కావచ్చు, వోల్టేజి తక్కువ కావచ్చు. ముందు వోల్టేజి చూడండి. సక్షన్ దాదాపుగా వోల్టేజి తగ్గిన పాళ్లలోనే తగ్గుతుంది. 230 దగ్గర 2050 లాగింది 195 దగ్గర 1740 దాకా దిగుతుంది. సాయంత్రం ఊరంతా దీపాలు వేశాక కొలిచి మెషీన్ పాడైందని వచ్చేవాళ్లు ఉన్నారు. వోల్టేజి సరిగ్గానే ఉంటే లీకు వెతకాలి. పైపు చివర మూసి, వెలిగించిన అగరుబత్తిని మూత అంచుల వెంట, పైపు అతుకుల వెంట, పైపు ముడతల వెంట నెమ్మదిగా తిప్పండి. లీకున్న చోట పొగ చటుక్కున లోపలికి వంగుతుంది. నిప్పు మాత్రం బెజ్జానికి దగ్గరగా పెట్టకండి, లోపల ఉన్నది ఎండు నూలు, వెంట్రుకలు. పది సెకన్లు చూసి ఆపి, మళ్లీ చూడండి. పొగ ఎక్కడా వంగకపోతే, పైపు తీసేసి కొలత సామానును నేరుగా మెషీన్ మూతికే బిగించి చూడండి. కొలత పెరిగితే జబ్బు పైపులో ఉంది. అప్పుడూ పెరగకపోతేనే మోటారును అనుమానించాలి. అప్పుడు కూడా ముందు కార్బన్ బ్రష్షులు, ఆ తర్వాతే ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే తీగచుట్ట.

మీ ఊరి ఎత్తు సంగతి ఇంకొకటి ఉంది. హీరాఖండ్ రైల్లో కోరాపుట్ వెళ్లినప్పుడు మా బంధువుల ఇంట్లో కొలవాలని నా సామాను వెంట తీసుకెళ్లాను. రాయగడ సముద్రమట్టానికి 200 మీటర్ల చిల్లర ఎత్తు, కోరాపుట్ 870 దాకా. గాలి పలచనైన మేరకు ఫ్యాన్ తోసే బరువు తగ్గి సక్షన్ ఐదారు శాతం వరకు దిగుతుంది. మోటారు వేగం కాస్త పెరిగి అందులో కొంత పూడ్చుకుంటుంది. కాబట్టి నేను ఇక్కడ చెప్పిన 2050 మీకు 1950 చిల్లర వచ్చినా గాబరా పడకండి. ఏ ఇద్దరి మెషీన్లనూ పోల్చకండి. మీ మెషీన్ ఇవాళ్టి కొలతను మీ మెషీన్ కొత్త సంచితో ఇచ్చిన కొలతతోనే పోల్చండి.

సీడీ, లెవెల్ పైపు అంతా పెద్ద పని అనుకుంటే ఇంకో దారి ఉంది. మీ మెషీన్‌కు వెనక గాలి ఊదే మూతి ఉందని రాశారు కదా. పాలిథిన్ కొట్లో రోల్‌గా దొరికే గొట్టం కవరు తీసుకోండి. పరిస్తే మీటరు వెడల్పు ఉండేది ఉబ్బితే దాదాపు 64 సెంటీమీటర్ల మందం అవుతుంది. రెండు మీటర్ల పొడవు ముక్కను ఒక పక్క ముడివేస్తే దాదాపు 600 లీటర్ల గాలి పడుతుంది. ఇందులోని గాలిని పూర్తిగా వదిలేసి, మూతికి తగిలించి, మెషీన్ వేసి గడియారం చూడండి. 25 సెకన్లలో నిండితే సెకనుకు 24 లీటర్లు. దీనివల్ల అడ్డంకి తెలుస్తుంది గానీ లీకు తెలియదు. లీకులోంచి దూరిన గాలి కూడా వెనక నుంచే బయటికి వచ్చి కవరును నింపుతుంది. మీ జబ్బు అడ్డంకే కాబట్టి మీకిది సరిపోతుంది. పాత సంచితో ఒకసారి, సంచి తీసేసి లోపలి స్పాంజి మాత్రం ఉంచి ఒకసారి, శుభ్రమైన గదిలో చూడండి. రెండు సమయాలకు మధ్య పెద్ద తేడా ఉంటే దోషి సంచేనని మీ కళ్లముందే తేలిపోతుంది. గాలి వేగం కొలిచే చక్రం మీటరు ఉన్నవాళ్లు దాన్ని పైపు మూతికి నేరుగా పెట్టకూడదు, అక్కడి వేగానికి చవకరకం మీటర్లు అందుకోలేవు. నాలుగంగుళాల పైపు మీటరు ముక్క తగిలించి దాని చివర పెట్టాలి.

ఇక 2000 వాట్ల ప్రశ్న. డబ్బా మీద పెద్దగా రాసే వాట్లు కరెంటు ఎంత తాగుతుందో చెప్పేవి, ఎంత లాగుతుందో చెప్పేవి కావు. పైన చెప్పిన 1400 వాట్ల మెషీన్ ఆ బెజ్జం దగ్గర ఇచ్చిన పని 198 వాట్లు మాత్రమే. మిగతాది వేడి, రొద. యూరప్‌లో 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లకు మించినవీ, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లకు మించినవీ కొత్తగా అమ్మకానికి పెట్టకూడదని నిబంధన తెచ్చారు. అక్కడి ఇళ్లు ఆ 900 వాట్లతోనే శుభ్రమవుతున్నాయి. కొనేటప్పుడు ఎయిర్‌వాట్స్ రాసి ఉందేమో చూడండి, లేకపోతే సక్షన్, ఎయిర్‌ఫ్లో రెండూ అడగండి. ఒక్కటే చెబితే నమ్మకండి. నేల మీద తిరిగే కొన్ని రోబోల డబ్బాల మీద 5000 పాస్కల్స్ అని రాసి ఉంటుంది. అది 510 మిల్లీమీటర్ల నీళ్లు, మీ పాత మెషీన్ లాగేదానిలో నాలుగోవంతు. వాటికి ఆ మాత్రం చాలు, అవి నేలకు ఆనుకుని నెమ్మదిగా పాకుతూ పని చేస్తాయి. కానీ ఆ అంకె పెద్దదని చూసి మీ మెషీన్ కన్నా బలమైనదని అనుకోవద్దు.

మిగిలిన గదుల్లో పుట్టీ పొడిని వాక్యూమ్‌తో లాగించకండి. అడితీలో రంపపుపొట్టు దొరుకుతుంది, నీళ్లు చిలకరించి పిడికిట పడితే ముద్దయ్యేంత తడి చేసి నేల మీద చల్లి, చీపురుతో కలియతోసి ఎత్తేయండి. పొడి పొట్టుకు పట్టుకుని లేవకుండా వచ్చేస్తుంది. గోడల మూలల్లో మిగిలే పలచని పొర తడిగుడ్డతో పోతుంది. మీ మెషీన్ ఆ తర్వాత సోఫాలకు, పరుపులకు వాడుకోండి.

కొత్త సంచి వేసిన రోజున మూత కొలత, బెజ్జం కొలత, ఆ సమయానికి ఉన్న వోల్టేజి, ఈ మూడూ మార్కరు పెన్నుతో మెషీన్ మూత లోపలి వైపున రాసి తేదీ వేయండి. బెజ్జం కొలత అందులో సగానికి దిగిన రోజు సంచి దులపాలి. దులిపినా ముప్పావు వంతుకు తిరిగి రాకపోతే సంచి మార్చాలి. పాత సంచితోనూ దులిపాక కూడా వచ్చిన కొలతలు నాకు రాయండి, చూసి చెబుతాను. ఈలోగా బాగుచేసే ఆయన ఫోను చేస్తే, మోటారు విప్పకుండా మెషీన్ అలాగే తిరిగి ఇవ్వమని అడగండి.